బ్రాక్‌వెల్ పార్కు పాప్ ఉత్సవానికి మొదటిసారి వెళ్తున్నాను, సలహా కావాలి

పెద్దలందరికీ నమస్కారం. మాది హనుమకొండ. ఎమ్మెస్సీ కోసం జనవరిలో లండన్ వచ్చి, ఈస్ట్ హామ్‌లో మరో ముగ్గురితో కలిసి ఉంటున్నాను. మే నెలాఖరున బ్రాక్‌వెల్ పార్కులో జరిగే మైటీ హూప్లా అనే పాప్ సంగీత ఉత్సవానికి మా తరగతి స్నేహితులు నన్ను కూడా రమ్మంటున్నారు. అది స్వలింగ ప్రియులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు ఎక్కువగా వచ్చే ఉత్సవమని తెలిసి మా గదిలో వాళ్ళు నవ్వుతున్నారు. నేను వారిలో ఒకణ్ణి కాను. అయినా వెళ్ళవచ్చా, వెళితే ఎలా మసలుకోవాలి, విద్యార్థి వీసాకు దీనివల్ల ఏమైనా ఇబ్బంది వస్తుందా అన్నవి నా సందేహాలు. దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: స్ట్రెథమ్ నుంచి ఒక అక్క

తమ్ముడూ, నిరభ్యంతరంగా వెళ్ళండి. నేను మూడుసార్లు వెళ్ళాను, అందులో ఒకసారి మా అత్తగారిని కూడా తీసుకువెళ్ళాను. ఆవిడకు పాటల కన్నా జనం కట్టుకొచ్చిన బట్టలే ఎక్కువ నచ్చాయి.

ఈ ఉత్సవం 2016లో బోగ్నర్ రీజిస్ అనే సముద్రతీరపు ఊళ్ళో వారాంతపు వేడుకగా మొదలై, 2017లో లండన్‌లోని విక్టోరియా పార్కుకు, 2018లో ఇప్పుడున్న బ్రాక్‌వెల్ పార్కుకు వచ్చింది. దీన్ని ఎల్‌జీబీటీక్యూ సముదాయం తమ పండుగగా పెంచుకున్న మాట నిజమే కానీ, టికెట్టు కొన్నవారిని ద్వారం దగ్గర ఎవరూ మీరెవరని అడగరు. 2022లో స్టెప్స్, షుగబేబ్స్ బృందాలు, 2023లో గాయని కెల్లీ రోలండ్, 2024లో గాయని నెల్లీ ఫర్టాడో వేదిక ఎక్కారు కాబట్టి, మీ వయసు వారికన్నా మా వయసు వారికే నోటికి వచ్చిన పాటలు అక్కడ ఎక్కువ వినిపిస్తాయి. పాటలు తెలియకపోయినా ఫరవాలేదు, పక్కవాళ్ళు గొంతెత్తి పాడి నేర్పేస్తారు.

వీసా గురించి భయపడవలసింది లేదు. ఉత్సవానికి వెళ్ళడం ఏ నిబంధనకూ విరుద్ధం కాదు. అయితే టికెట్టు డబ్బులు మిగుల్చుకోవడానికి అక్కడ పని చేయాలన్న ఆలోచన వస్తే మాత్రం ఆగండి. విద్యార్థి వీసా మీద ఉన్నవారు కళాకారులుగా వేదిక ఎక్కి సంపాదించకూడదు, సొంత వ్యాపారం చేయకూడదు. జీతం లేకపోయినా ఉద్యోగంలాంటి పనైతే అది కూడా వారానికి 20 గంటల లెక్కలోకే వస్తుంది కనుక, అలాంటి అవకాశం వస్తే ముందు మీ యూనివర్సిటీ వీసా సలహాదారును అడగండి. రెండో జాగ్రత్త మత్తు పదార్థాల గురించి. బెలూన్లలో నింపి పీల్చే ‘నవ్వుల వాయువు’ ఇక్కడ చాలామందికి ఆటలా కనిపిస్తుంది కానీ, 2023 నవంబరు నుంచి దాన్ని మత్తు కోసం దగ్గర ఉంచుకోవడం నేరం. గంజాయి సంగతి చెప్పనక్కరలేదు. ఇక్కడి కుర్రాడికి హెచ్చరికతో పోయే వ్యవహారం, వీసా పొడిగింపు దరఖాస్తు నింపేటప్పుడు మీకు తలనొప్పిగా మారుతుంది.

ఇక నేను అసలు చెప్పదలచుకున్నది మీ ఫోను గురించి.

అక్కడికి వెళ్ళగానే చెయ్యి దానంతట అదే కెమెరా వైపు పోతుంది. ఒళ్ళంతా మెరుపు పొడి పూసుకున్నవారు, ఆరడుగుల మనిషి ఎత్తు మడమల చెప్పులతో గౌను వేసుకొని రావడం, చేతులు పట్టుకొని నడిచే జంటలు, ఇవన్నీ మన ఊళ్ళో వీధిలో చూసినవి కావు. వేదికను ఎన్ని ఫొటోలైనా తీసుకోండి. మనుషులను మాత్రం అడగకుండా తీయకండి. అడిగితే చాలామంది ఆనందంగా నిలబడతారు, కొందరు వద్దంటారు, ఆ వద్దన్నవారి కారణం మీకు తెలియనక్కరలేదు. కొన్నేళ్ళ క్రితం ఒక పార్కు వేడుకలో మన కుర్రాడొకడు నవ్వులాటకు ఒక అమ్మాయి ఫొటో తీసి గదిమిత్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఆ అమ్మాయి కూడా మన తెలుగు పిల్లే అన్న సంగతి అతనికి తెలియదు. ఆమె రైలెక్కి ఇల్లు చేరేలోపు ఆ ఫొటో గుంటూరు జిల్లాలో ఉన్న ఆమె మేనమామ ఫోనులో ఉంది. ఆ తర్వాత ఏడాదిపాటు ఆమె ఇంటికి ఫోను చేయలేదు, ఇంటివాళ్ళూ చేయలేదు. ఆ కుర్రాడు చెడ్డవాడు కాదు, అందుకే ఇది మీకు చెబుతున్నాను.

ఇంత స్వేచ్ఛ ఉన్న దేశంలో ఈ దాపరికం ఎందుకని మీకు అనిపించవచ్చు. ఇంగ్లండులో ఇద్దరు మగవారి మధ్య సంబంధం నేరం కాకుండా పోయింది 1967లో, అది కూడా పరిమితులతో. స్వలింగ సంబంధాలను ప్రోత్సహించేలా పాఠశాలల్లో బోధించరాదన్న 28వ సెక్షన్ 1988లో వచ్చి, ఇంగ్లండులో 2003 దాకా అమలులో ఉంది. అంటే మీ పక్కన నిలబడి గంతులేసే నలభై ఏళ్ళ మనిషి తన చదువంతా ఆ నీడలోనే ముగించి ఉండవచ్చు. మన దేశంలో స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్‌పై, అది నేరం కాదని సుప్రీంకోర్టు తీర్పు 2018 సెప్టెంబరులోనే ఇచ్చింది కానీ, ఇంట్లో తీర్పు ఇంకా రానివారు మనలో ఎందరో ఉన్నారు. లండన్‌లో వారు నిశ్చింతగా ఉండే కొద్ది చోట్లలో ఆ పార్కు ఒకటి, అక్కడికి మనం అతిథులుగా వెళ్తున్నాం.

మగవారు ఆడ వేషంలో పాడి ఆడే ప్రదర్శనలను చూసి మీ గదిలో వాళ్ళు నవ్వుతున్నారంటే వారికి మన రంగస్థలమే తెలియదని చెప్పండి. స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చింది ఆడ వేషాలు కట్టిన నటుడిగానే. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా జడ తిప్పితే ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ళు నడక నేర్చుకునేవారని మా నాయనమ్మ అనేది. ఇక్కడ డ్రాగ్ అని పిలిచే ఆ ప్రదర్శనా, మన రంగస్థలమూ ఒకటేనని నేను అనను, దీని వెటకారం వేరు, దీని రాజకీయం వేరు. కానీ చూసే కన్ను మనకు కొత్తది కాదు.

పరిచయాలలో కొందరు తమను ‘హీ’ అనీ ‘షీ’ అనీ కాక ‘దే’ అని పిలవమంటారు. ఇంగ్లీషులో దీనికి పెద్ద చర్చలు జరుగుతుంటాయి. మనం పుట్టినప్పటి నుంచి పెద్దలను ఆడా మగా తేడా లేకుండా ‘వారు’ అంటూ వచ్చినవాళ్ళం కాబట్టి మన నాలుకకు ఇది కష్టం కాకూడదు. పొరపాటున తప్పు మాట వస్తే ఒక్కసారి క్షమించమని, సరిదిద్దుకొని ముందుకు వెళ్ళండి. పదిసార్లు క్షమాపణ చెబితే ఎదుటివారే మిమ్మల్ని ఓదార్చవలసి వస్తుంది.

గుర్తింపు కార్డు విషయం ఇప్పుడే మొదలుపెట్టండి. మద్యం అమ్మే చోట 25 లోపు వయసున్నట్టు కనిపించినవారిని రుజువు అడగడం ఇక్కడి ఆనవాయితీ. విదేశీయులకు ఇచ్చిన పాత బీఆర్పీ (నివాస అనుమతి) కార్డుల కాలం 2024 డిసెంబరు 31తో తీరిపోయి అంతా ఈ-వీసా అయ్యాక, కొత్తగా వచ్చిన విద్యార్థి చేతిలో ఫొటో ఉన్న పత్రమంటే పాస్‌పోర్టు ఒక్కటే మిగిలింది. దాన్ని గడ్డిలోకి, జనంలోకి తీసుకువెళ్ళి పారేసుకుంటే హైకమిషన్ చుట్టూ తిరగాలి. ప్రొవిజనల్ డ్రైవింగ్ లైసెన్సుకు గానీ, ‘పాస్’ ముద్ర ఉన్న వయసు రుజువు కార్డుకు గానీ దరఖాస్తు చేసుకోండి. వారాలు పట్టవచ్చు.

మిగతావి చిన్న సంగతులు. ఏ-4 కాగితం కన్నా పెద్ద సంచిని చాలా పార్కు ఉత్సవాల్లో రానివ్వరు, గొడుగు కూడా అంతే, కనుక మడిచి జేబులో పెట్టుకునే ప్లాస్టిక్ రెయిన్ కోటు కొనుక్కోండి. ఆ రోజుల్లో తొమ్మిది దాటేదాకా పొద్దుగుంకదు. మన నల్లని ఒంటికి ఎండ ఏం చేస్తుందనుకొని నేను మొదటిసారి ముక్కు తొక్క ఊడగొట్టుకున్నాను. మద్యం అమ్మే అనుమతి ఉన్న చోట కుళాయి నీళ్ళు అడిగితే ఉచితంగా ఇవ్వాలన్నది ఇక్కడి నిబంధన కాబట్టి నీళ్ళ సీసాకు డబ్బు తగలేయకండి. శాకాహారం దొరుకుతుంది, ధర చూసి మాత్రం ఇంట్లో పులిహోర తిని బయలుదేరితే బాగుండేదనిపిస్తుంది.

సమాధానం: హౌన్‌స్లో నుంచి

అక్కయ్య గారు వివరంగా చెప్పారు, దారి గురించి నాదొక చేర్పు. బాబూ, ఈస్ట్ హామ్‌లో డిస్ట్రిక్ట్ లైను ఎక్కి విక్టోరియాలో దిగి, విక్టోరియా లైనులో చివరి స్టేషనైన బ్రిక్స్‌టన్ దాకా వెళ్ళండి. అక్కడి నుంచి పావుగంట నడక. వెళ్ళేటప్పుడు సులువే, చిక్కంతా తిరిగి వచ్చేటప్పుడే. శుక్ర, శనివారాల రాత్రుళ్ళు విక్టోరియా లైను తెల్లవార్లూ నడుస్తుంది కానీ మీ డిస్ట్రిక్ట్ లైను నడవదు. శనివారం ఆలస్యమైతే ఆక్స్‌ఫర్డ్ సర్కస్‌లో సెంట్రల్ లైనుకు మారి స్ట్రాట్‌ఫర్డ్ దాకా వచ్చి, అక్కడ బస్సు పట్టుకోండి. ఆదివారం టికెట్టైతే ఈ సౌకర్యం ఉండదు, చివరి పాట వదులుకొని అయినా ముందే బయలుదేరండి. వారాంతాల్లో పట్టాల మరమ్మతులు పెడుతుంటారు కనుక ముందురోజు సాయంత్రం లండన్ రవాణా సంస్థ టీఎఫ్ఎల్ సైటు చూడండి.

ఇంకొక మాట. నేను మొదట ఆ పార్కు దగ్గరే ఉండేవాణ్ణి. అది 1892 నుంచి ప్రజల పార్కు. వేసవిలో వారాల తరబడి కంచెలు వేసి గడ్డిని బురద చేస్తున్నారని అక్కడివారికి బాధ ఉంది. ఒక నివాసి వేసిన దావాలో, ప్రణాళికా అనుమతి లేకుండా పార్కును ఇలా ఏడాదికి 28 రోజులకు మించి వాడరాదన్న పరిమితి విషయమై 2025 మేలో హైకోర్టు స్థానిక కౌన్సిల్ నిర్ణయాన్ని తప్పుపట్టింది. కొత్త దరఖాస్తుతో ఉత్సవాలైతే జరిగాయి. ఎవరి పక్షమూ తీసుకోమని అనను, రాత్రి తిరిగి వచ్చేటప్పుడు ఆ వీధుల్లో అరవకండి, ఇళ్ళ ముందు తోటలను పాడు చేయకండి.

మొదట అడిగిన తమ్ముడు

ఇద్దరికీ కృతజ్ఞతలు. లైసెన్సుకు దరఖాస్తు పెట్టాను. మరొక్క సందేహం. (ఇక్కడ రెండు వాక్యాలను మోడరేటర్ తొలగించారు.) అతనికి కూడా టికెట్టు కావాలి, కానీ అవి అయిపోయాయి. ఫేస్‌బుక్‌లో ఒకరు సగం ధరకు ఇస్తామంటున్నారు, కొనవచ్చా?

సమాధానం: స్ట్రెథమ్ అక్క

తమ్ముడూ, ఆ రెండు వాక్యాలు తీసేయమని మోడరేటర్ గారిని నేనే అడిగాను, ఏమీ అనుకోకండి. మీరు మంచి మనసుతోనే రాశారు కానీ, ఈ గ్రూపులో నాలుగు జిల్లాల వాళ్ళున్నారు, ఈస్ట్ హామ్‌లో మీ గది ఏదో తెలిసినవాళ్ళూ ఉన్నారు. మీతో పాటు నవ్విన మనిషి తరువాత విడిగా వచ్చి తానూ వస్తానంటే, అది ఎందుకని మీరు అడగవద్దు, మాకు చెప్పనూ వద్దు. ఇకపై అతని గురించి ఏదైనా ఉంటే నాకు నేరుగా రాయండి.

ఫేస్‌బుక్ టికెట్టు వద్దు. స్క్రీన్‌షాట్ పంపి మాయమయ్యేవాళ్ళే ఎక్కువ, ఒకే కోడును పదిమందికి అమ్మేవాళ్ళూ ఉంటారు. ఉత్సవం వారి సైటులో అధికారిక పునర్విక్రయానికి లంకె ఉంటుంది, చివరి వారంలో రాలేనివారు అందులో పెడుతుంటారు, రోజుకు రెండుసార్లు చూడండి. టికెట్టు అతని పేరు మీద, అతని ఫోనులోకే రానివ్వండి. లోపల సిగ్నల్ పోతుంది కాబట్టి విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ఇంట్లోనే అనుకోండి. అతని తరగతి వేరైతే మీ స్నేహితులకు అతన్ని గదిమిత్రుడని మాత్రం పరిచయం చేయండి, మిగతాది చెప్పుకోవాలనుకుంటే అతనే చెప్పుకుంటాడు.