‘కాకపోతే’, ‘లేకపోతే’: జావాస్క్రిప్ట్‌లోని ||, ?? గుర్తులను తెలుగులో ఎలా చదవాలి?

ప్రశ్న: ఇంటర్ పూర్తిచేసిన పిల్లల కోసం జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష పాఠాలు తెలుగులో రాస్తున్నాను. || అనే ఆపరేటర్‌ను (రెండు విలువల నడుమ పెట్టే గుర్తును) ‘లేదా’ అని రాశాను. ?? దగ్గరికి వచ్చేసరికి దానికీ ‘లేదా’ తప్ప మరో మాట తోచడం లేదు. రెండింటికీ ఒకే మాట వాడవచ్చునా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: నమస్కారమండీ. ఒకే మాట వాడితే ఈ రెండింటి మధ్య ఉన్న అసలు తేడాయే పిల్లలకు అందకుండా పోతుంది. ఆ తేడాను చెప్పడానికి కావలసిన మాటలు తెలుగులో చక్కగా ఉన్నాయని నా గట్టి నమ్మకం.

|| షరతులో వచ్చినప్పుడు పెద్ద ఇబ్బంది లేదు. వయసు < 6 || వయసు > 60 అన్నదాన్ని ‘ఆరేళ్ళలోపు గానీ అరవై దాటి గానీ ఉంటే’ అని చదువుకోవచ్చు. అయితే || ఎప్పుడూ అవును, కాదు అన్న జవాబే ఇస్తుందనుకోవడం పొరపాటు. అది తన రెండు పక్కలా ఉన్న విలువల్లో ఒకదాన్ని ఉన్నదున్నట్టుగా తిరిగి ఇస్తుంది. ఎడమవైపు విలువ పనికివచ్చేదైతే దాన్నే ఇచ్చి, కుడివైపును చూడనైనా చూడదు. పనికిరానిదైతేనే కుడివైపుకు వెళ్తుంది. జావాస్క్రిప్ట్ లెక్కలో ఫాల్స్ (అసత్యం), సున్నా, ఖాళీ పాఠం (అక్షరాలేవీ లేని స్ట్రింగ్, ""), నల్ (విలువ లేదని తెలిసి పెట్టే గుర్తు, null), అన్‌డిఫైన్డ్ (విలువ ఇంకా ఇవ్వనిది, undefined), నాన్ (సంఖ్య కాని ఫలితం, NaN) వంటివి పనికిరాని విలువలు.

చిక్కు వచ్చేది సున్నాతోనే. పరీక్ష రాసి సున్నా తెచ్చుకున్న విద్యార్థినీ, అసలు పరీక్షకే రాని విద్యార్థినీ తీసుకోండి. మొదటివారి మార్కులు 0, రెండవవారి మార్కులు నల్.

మార్కులు || "హాజరు కాలేదు"

అని రాస్తే ఇద్దరి పేర్ల పక్కనా ‘హాజరు కాలేదు’ అనే పడుతుంది. పరీక్ష రాసిన పిల్లవాడికి ఇది అన్యాయం.

మార్కులు ?? "హాజరు కాలేదు"

అని రాస్తే మొదటివారికి 0 అనీ, రెండవవారికి మాత్రమే ‘హాజరు కాలేదు’ అనీ వస్తుంది. ఎందుకంటే 2020లో భాషా ప్రమాణంలోకి వచ్చిన ఈ ఆపరేటర్ నల్, అన్‌డిఫైన్డ్ అనే రెండింటిని మాత్రమే లేమిగా చూస్తుంది, సున్నాను విలువగానే గౌరవిస్తుంది. (పై పంక్తుల్లో పేరును తెలుగులో రాసింది వివరణ కోసం మాత్రమే కాదు. జావాస్క్రిప్ట్ తెలుగు లిపిలోని పేర్లను నిజంగానే అంగీకరిస్తుంది.)

ఇప్పుడు తెలుగు వైపు చూడండి. ఒక వస్తువు ఉనికిని తోసిపుచ్చడానికి మనం ‘లేదు’ అంటాం, అది ఫలానాది అన్న మాటను తోసిపుచ్చడానికి ‘కాదు’ అంటాం. ‘ఇంట్లో పాలు లేవు’, ‘ఇవి మంచి పాలు కావు’ అన్న రెండు వాక్యాలను చిన్నపిల్లలు కూడా కలగలపరు. ||, ?? గుర్తుల మధ్య ఉన్న తేడా సరిగ్గా ఇదే. విలువ ఉన్నా అది పనికివచ్చేది కాకపోతే పక్కదానికి వెళ్ళేది ||, విలువే లేకపోతే పక్కదానికి వెళ్ళేది ??. కాబట్టి మొదటిదాన్ని ‘కాకపోతే’ అనీ, రెండవదాన్ని ‘లేకపోతే’ అనీ చదివించమని నా సూచన. ‘అన్నయ్య ఇంట్లో లేకపోతే వదినకు చెప్పి రా’ అన్న వాక్యంలో అన్నయ్య ఉంటే వదిన ప్రసక్తే రాదు కదా, కుడివైపును చూడకుండా వదిలేయడం కూడా అందులోనే ఇమిడిపోయింది.

మరొక సభ్యుని అభ్యంతరం: ‘అంతా బాగానే ఉంది, కాకపోతే ఒక్క మాట’ అని అంటుంటాం. అక్కడ ‘కాకపోతే’ అంటే ‘అయితే’ అనే కదా? పిల్లలు తికమకపడరా?

జవాబు: మీరన్న వాడుక నిజమే. కానీ ఆ అర్థం అది వాక్యం మొదట నిలిచినప్పుడే వస్తుంది. ‘ఈ బస్సు కాకపోతే తర్వాతి బస్సు’ అన్నట్టు రెండు పేర్ల నడుమ నిలిస్తే ప్రత్యామ్నాయం తప్ప మరో అర్థం రాదు. ఈ ఆపరేటర్ కూడా ఎప్పుడూ రెండు విలువల నడుమనే నిలుస్తుంది.

పాఠంలో మరో రెండు విషయాలు చేర్చండి. పేరు రాయమని ఇచ్చిన గడిని ఖాళీగా వదిలేస్తే వచ్చేది నల్ కాదు, ఖాళీ పాఠం. అంటే విలువ ఉంది, అందులో అక్షరాలు లేవు. అక్కడ ?? పెట్టి ‘అతిథి’ అని చూపించాలనుకుంటే కుదరదు, || కావలసిందే. ఇక ఈ రెండు గుర్తులనూ కుండలీకరణాలు లేకుండా ఒకే వరుసలో కలిపి రాస్తే జావాస్క్రిప్ట్ దాన్ని వ్యాకరణ దోషంగా తిప్పికొడుతుంది. అందుచేత రెండూ కలిసే ఉదాహరణ ఇచ్చేటట్లయితే (మారుపేరు || పేరు) ?? "అతిథి" అన్నట్టు ఏది ముందో కుండలీకరణాలతో తేల్చి రాయండి.