రెండు సీట్ల కారు, ఉప్పు రోడ్లు: మిషిగన్ వచ్చిన తమ్ముడికి

హనుమకొండ తమ్ముడు, నోవై నుంచి:

అన్నలకు, అక్కలకు నమస్తే. నేను ఆగస్టులో మిషిగన్ వచ్చాను. ఇల్లు నోవైలో, ఆఫీసు ఆబర్న్ హిల్స్‌లో. రానూపోనూ 60 మైళ్ల దాకా అవుతుంది. ఇన్నాళ్లూ రూమ్మేట్ కారులో పోతున్నాను. అతను వచ్చే నెల టెక్సస్ వెళ్లిపోతున్నాడు, కాబట్టి నాకు కారు తప్పదు. చిన్నప్పటి నుంచి ఒక్క స్పోర్ట్స్ కారైనా నడపాలని కోరిక. దగ్గర్లోనే 2012 మాజ్డా ఎంఎక్స్-5 ఒకటి అమ్మకానికి ఉంది, ఇక్కడ మియాటా అంటారు. బటన్ నొక్కితే మడుచుకునే గట్టి టాప్, ఆరు గేర్ల మాన్యువల్, 84 వేల మైళ్లు తిరిగింది, 10,500 డాలర్లు చెబుతున్నాడు. రోజూ ఆఫీసుకు పోవడానికి ఇది పనికొస్తుందా? బాపు ఫోన్లో వద్దంటున్నాడు, నలుగురు కూర్చునే టయోటా క్యామ్రీ కొనుక్కో అంటున్నాడు. శనివారం చూడటానికి పోతున్నాను. చాలా టెన్షన్‌గా ఉంది.

కొత్తవాడ అన్న:

తమ్మీ, నేను సద్దుల బతుకమ్మకు వరంగల్‌లో ఇంటికి వచ్చి ఉన్నాను. అమ్మా అక్కా బతుకమ్మలు ఎత్తుకుని పద్మాక్షి గుట్టకు పోయారు, ఇల్లు నిమ్మళంగా ఉంది. అందుకే పొడుగ్గా రాస్తున్నా, ఓపికగా చదువు.

పనికొస్తుంది. నీదే తరం ఎంఎక్స్-5ను నేను ఆరేళ్లు, ఆరు చలికాలాలు, రోజూ ఆఫీసుకు నడిపాను. నువ్వు మైళ్లు రాశావు, గేర్లు రాశావు, టాప్ గురించి రాశావు. ఆ కారు మిషిగన్‌లో ఎన్ని చలికాలాలు చూసిందో మాత్రం రాయలేదు. నేనైతే ధర కంటే ముందు అదే అడుగుతాను.

మన భూపాలపల్లి, రామగుండం దిక్కు భూమి కింద బొగ్గు ఉన్నట్టే డెట్రాయిట్ నగరం కింద ఉప్పు ఉంది. వెయ్యి అడుగులు దాటిన లోతున పెద్ద గని. నవంబరు నుంచి మార్చి దాకా మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతూనే ఉంటారు. ఆ ఉప్పునీళ్లు చక్రాల నుంచి చిమ్మి, కారు అడుగున ప్రతి సందులోకీ చేరతాయి. ఉప్పు కలిసిన నీళ్లలో కరెంటు తేలిగ్గా పారుతుంది కాబట్టి ఇనుము మామూలు నీళ్లలో కంటే చాలా త్వరగా తుప్పు పడుతుంది. మన ఆటోనగర్‌లో ఇరవై ఏళ్ల మారుతిని ఎత్తి చూసినా అడుగున ఎండిన మట్టే ఎక్కువ కనిపిస్తుంది. మిషిగన్‌లో పదేళ్ల కారుకు, వేలితో నొక్కితే లోపలికి పోయే రేకులు నేను చూశాను.

ఈ కారుకు ఇంకో బాధ కూడా ఉంది. టాప్ మీద పడిన వాన పోవడానికి సీట్ల వెనక రెండు పక్కలా సన్నటి నీటి దారులు పెట్టారు. ఆ నీళ్లు తలుపుల కింద ఉండే పెట్టె లాంటి రేకు దగ్గరగా దిగి, వెనక చక్రాల ముందు బయటికి పోవాలి. చెట్ల కింద నిలిపిన కారులో ఆకులు, పైన్ చెట్టు సూదులు పడి ఆ దారులు మూసుకుపోతాయి. అప్పుడు నీళ్లు లోపల నిలుస్తాయి. బయటి నుంచి ఉప్పు, లోపలి నుంచి తేమ, మధ్యలో పల్చటి రేకు.

నాకు జరిగింది ఇదే. 2008 మోడల్, ఒక చిన్న డీలర్ దగ్గర ఏప్రిల్‌లో కొన్నాను. ఎండ బాగుంది, టాప్ దించి నడిపాను, ఇంజన్ చప్పుడు వినగానే మనసు పారేసుకున్నాను. అడుగున కొత్తగా నల్ల రంగు కొట్టి ఉంది. దాన్ని శ్రద్ధగా చూసుకున్న కారు అనుకున్నాను. మే నెలలో రెండు రోజులు గట్టి వాన పడ్డాక కారులో ఒక వాసన మొదలైంది. మాది కొత్తవాడ, షత్రంజీలు (నూలు జంపఖానాలు) నేసే పేట. షత్రంజీ తడిసి ఆరకపోతే ఎలాంటి వాసన వస్తుందో పుట్టినప్పటి నుంచి తెలుసు. కార్పెట్ లేపితే కింద నీళ్లు. ఆ తర్వాత టైర్ల షాపులో జాక్ పెట్టి ఎత్తబోతే, జాక్ ఆనించే చోటే రేకు మడుచుకుపోయింది. నల్ల రంగు కింద అంతా తుప్పు. రెండు వైపులా కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించడానికి 2,300 డాలర్లు అయ్యాయి. అప్పటికి నా ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ఇంటికి పంపాల్సిన డబ్బు అది. ఆ బాధ నీకు రాకూడదనే ఇంతసేపు కూర్చుని రాస్తున్నా.

అందుకని శనివారం పోగానే బానెట్ లేపొద్దు. ముందు సీట్లు ముందుకు జరిపి, వెనక కార్పెట్‌ను అరచేత్తో గట్టిగా నొక్కు. చెయ్యి తడిస్తే అక్కడితో సగం తెలిసిపోయింది. తర్వాత అమ్మేవాళ్ల అనుమతితో అర బాటిల్ నీళ్లు సీట్ల వెనక ఉన్న నీటి దారిలో మెల్లగా పొయ్యి, వెనక చక్రం ముందు నుంచి కిందికి కారుతున్నాయో లేదో చూడు. తలుపు కింద, వెనక చక్రానికి ముందున్న మూలను వేలి కణుపుతో కొట్టి విను. గట్టి రేకు ఖంగుమంటుంది, పుట్టీ పెట్టి రంగు వేస్తే మొద్దు చప్పుడు వస్తుంది. చిన్న అయస్కాంతం ఒకటి జేబులో వేసుకుని పో, పుట్టీ మీద నిలవదు. బానెట్, డిక్కీ మూత మాత్రం ఈ తరంలో అల్యూమినియం, అక్కడ అంటుకోకపోతే అనుమానపడకు.

ఇంజన్ గురించి తక్కువే రాస్తా, ఎందుకంటే నీకు మంచి ఏడాది దొరికింది. నీది మూడో తరం, అది 2005లో మొదలైంది, 2009 మోడల్ నుంచి ఇంజన్ లోపలి భాగాలు గట్టిపడ్డాయి. రెండు లీటర్లు, మాన్యువల్‌లో 167 హార్స్‌పవర్. మొదటి రెండు తరాల్లో టైమింగ్ బెల్టు ఉండేది, 60 వేల మైళ్లకు మార్చాలి. నీదానికి చెయిన్, ఆ ఖర్చు లేదు. నువ్వు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకు ముందే చెప్పు, చల్లటి ఇంజన్ మొదటి నిమిషంలో చేసే చప్పుడే నిజం చెబుతుంది. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడు. కూలెంట్ ఉండే ప్లాస్టిక్ డబ్బా పసుపు రంగుకు మారితే పగుళ్లు వచ్చే వయసు వచ్చిందని అర్థం, చవకగానే మార్చుకోవచ్చు. టాప్‌ను మూడుసార్లు తెరిచి మూయించు. 12 సెకన్ల పని అది. మధ్యలో తడబడితే ధర మాట్లాడే ముందు ఆలోచించుకో.

ఇవన్నీ బాగున్నా సరే, డబ్బు ఇచ్చే ముందు నీకు నువ్వుగా వెతుక్కున్న మెకానిక్ దగ్గర లిఫ్టు మీద ఎత్తించు. వంద నుంచి రెండు వందల డాలర్ల ఖర్చు. మిషిగన్‌లో ఏటేటా కార్లను తనిఖీ చేసే పద్ధతి లేదు, కాబట్టి అడుగు కుళ్లిన కారు కూడా నంబరు ప్లేటుతో దర్జాగా తిరుగుతుంటుంది. ఎత్తించనివ్వను అంటే దండం పెట్టి వచ్చెయ్. ఇంకో మియాటా దొరుకుతుంది. 2016 ఏప్రిల్‌కే పది లక్షల కార్లు తయారైన మోడల్ అది.

ఇక రోజూ నడిపే మాట. ప్రభుత్వ లెక్క ప్రకారం గ్యాలన్‌కు ఊళ్లో 21 మైళ్లు, హైవే మీద 28. నీకు రోజుకు రెండున్నర గ్యాలన్ల దాకా పోతుంది, కంపెనీ ప్రీమియం పెట్రోలు పొయ్యమంటుంది, లెక్క వేసుకో. మన దగ్గర క్లచ్ కార్ల మీదే నేర్చుకున్నాం కాబట్టి మాన్యువల్ కష్టం కాదు. ఇక్కడ స్టీరింగ్ ఎడమ వైపు కాబట్టి మొదటి వారం గేరు కోసం ఎడమ చెయ్యి తలుపుకు తగులుతుంది, తర్వాత అలవాటవుతుంది. ఐ-696 హైవే మీద పెద్ద ట్రక్కుల పక్కన మాత్రం ఎప్పుడూ ఆగకు. నీ తల వాళ్ల చక్రం ఎత్తులో ఉంటుంది, డ్రైవర్‌కు నువ్వు కనిపించవు. పగలు కూడా లైట్లు వేసుకో, దాటితే గబగబా దాటెయ్, లేదంటే వెనకే ఉండు.

చలికాలపు టైర్లు కొనడం తప్పనిసరి. వేసవి టైర్ల రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి పోతే గట్టిపడుతుంది, ఈ కారు వెనక చక్రాలతో నడిచేది, బరువు తక్కువ. వేరే రిమ్ములతో సహా నాలుగు టైర్లు కొని పెట్టుకుంటే నవంబరులో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి మార్చుకోవడమే. దానికి వెయ్యి డాలర్లు పక్కన పెట్టు. మంచి టైర్లతో నేను ఎక్కడా ఇరుక్కోలేదు. అయితే కారు ఎత్తు తక్కువ, అరడుగు మంచు పడిన రోజు ఇంటి నుంచే పని చేసుకో. రెండు వారాలకోసారి అడుగు కడిగించు. అక్టోబరులోనే అడుగంతా లానోలిన్ నూనె కొట్టించు, గొర్రె ఉన్ని నుంచి తీసే జిగట నూనె అది, ఉప్పునీళ్లను రేకు దాకా రానివ్వదు.

బేరం గురించి ఒక మాట. టాప్ తెరుచుకునే కార్లకు చలి దేశంలో చైత్రంలో ఉన్న గిరాకీ ఆశ్వయుజంలో ఉండదు. అమ్మేవాళ్లకు చలికాలమంతా దాన్ని గరాజ్‌లో పెట్టుకోవాలని ఉండదు. తొమ్మిదిన్నర వేల నుంచి మొదలుపెట్టు.

ములుగు రోడ్డు అక్క, ట్రాయ్ నుంచి:

తమ్ముడూ, అన్న కారు సంగతి చెప్పాడు, నేను ఇంట్లో సంగతి చెబుతా. బాపు మాటను కొట్టిపారేయకు. ఆయన క్యామ్రీ అన్నది నీకు సరదా వద్దని కాదు. వచ్చే ఏడాది అమ్మా, బాపు వస్తే ఎయిర్‌పోర్టు నుంచి ఎలా తీసుకొస్తావు? నోవై గుడికి ముగ్గురూ ఎలా పోతారు? రెండేళ్ల దాకా ఎవరూ రారు అనుకుంటే మియాటా తీసుకో. వస్తారు అనుకుంటే హోండా సివిక్ ఎస్‌ఐ గానీ ఫోక్స్‌వాగన్ జీటీఐ గానీ చూడు, నడపడానికి అవీ హుషారుగానే ఉంటాయి, నలుగురు సుఖంగా కూర్చుంటారు. టయోటా 86 చూసి వెనక సీట్లు ఉన్నాయి కదా అని మోసపోకు. మా మరిది దాంట్లో మా అత్తమ్మ వెనక కూర్చోలేక, గుడికి పోయే పదిహేను నిమిషాలూ కాళ్లు పక్కకు తిప్పుకుని కూర్చుంది.

ఇన్సూరెన్స్ ధర కారు కొనకముందే అడుగు. అమ్మేవాళ్ల దగ్గర విన్ నంబరు (ఒక్కో కారుకు వేరుగా ఉండే, అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉండే గుర్తింపు నంబరు) తీసుకుని నాలుగు కంపెనీలకు ఫోన్ చెయ్. అమెరికాలో డ్రైవింగ్ చరిత్ర లేని మనకు మొదటి ఏడాది బిల్లు బరువుగానే వస్తుంది. మిషిగన్‌లో నో-ఫాల్ట్ చట్టం. అంటే అవతలివాళ్లు వచ్చి గుద్దినా నీ కారు రిపేరు నీ ఇన్సూరెన్స్‌లో కొలిజన్ (గుద్దుకుంటే నీ కారు బాగుచేయించే కవరేజీ) ఉంటేనే జరుగుతుంది. వాళ్ల నుంచి నీకు వచ్చేది ఎక్కువలో ఎక్కువ 3,000 డాలర్లు. పది వేల కారుకు కొలిజన్ లేకుండా రోడ్డెక్కకు. వైద్య ఖర్చుల కవరేజీ ఎంత ఉండాలో 2020 జూలై నుంచి మన ఇష్టానికి వదిలారు. నెలకు కొన్ని డాలర్లు మిగులుతాయని తక్కువది ఎంచుకోవద్దు. చిన్న కారులో తిరిగేవాడికి అది మరీ అవసరం.

హనుమకొండ తమ్ముడు:

అన్నా, అక్కా, చాలా థ్యాంక్స్. బాపుతో మాట్లాడాను. అమ్మా బాపు వచ్చేది చెల్లె పెళ్లి అయ్యాకే, అంటే ఇంకో రెండేళ్లు. అమ్మే ఆయన మెకానిక్ దగ్గరికి తెస్తానన్నాడు. కారు పాత చరిత్ర రిపోర్టు తీసి చూశాను, మొదటి ఆరేళ్లు దక్షిణాది రాష్ట్రం జార్జియాలో ఉంది, 2018లో ఇక్కడికి వచ్చింది. ఒక్క అనుమానం. టైటిల్ (కారు ఎవరిదో చెప్పే కాగితం) ఫోటో పంపాడు, దాని మీద ఒక బ్యాంకు పేరు ఉంది. లోను ఎప్పుడో కట్టేశానంటున్నాడు. నమ్మొచ్చా?

కొత్తవాడ అన్న:

జార్జియా అన్నది మంచి మాట తమ్మీ, అక్కడ ఉప్పు బాధ దాదాపు లేనట్టే. అయినా మిషిగన్ చలికాలాలు చాలానే చూసింది, లిఫ్టు మాత్రం మానకు.

బ్యాంకు పేరు సంగతి. మిషిగన్‌లో లోను ఉన్నా టైటిల్ కాగితం ఓనర్ దగ్గర ఉండొచ్చు. లోను తీరినా పాత కాగితం మీద బ్యాంకు పేరు అలాగే ఉండిపోవచ్చు. ఆయన చెప్పేది నిజమే కావచ్చు, కానీ మాట మీద నడవకు. లోను తీరిందని బ్యాంకు ఇచ్చిన కాగితం, దాని మీద సంతకం, అసలు ప్రతి చూపించమను. అది లేకుండా డబ్బు ఇస్తే, ఆయన బాకీ తీరకపోయి ఉంటే అది నీ కారు మీద ఉండిపోతుంది. టైటిల్ మీద సాల్వేజ్ (బాగా దెబ్బతిన్నది) అనో రీబిల్ట్ (అలాంటిదాన్ని మళ్లీ బాగుచేసింది) అనో ముద్ర ఉందేమో కూడా చూడు. టైటిల్ మీది విన్ నంబరు, అద్దం కింద డ్యాష్‌బోర్డు మీద ఉన్న నంబరు, తలుపు పక్కన స్టిక్కర్ మీది నంబరు, మూడూ అక్షరం తప్పకుండా ఒకటే కావాలి. రీకాల్ పనులు (లోపం ఉందని కంపెనీయే చేసిపెట్టే రిపేర్లు) ఏమైనా మిగిలాయేమో కేంద్ర రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో అదే నంబరు కొడితే ఉచితంగా తెలుస్తుంది.

వీలైతే నువ్వూ, అమ్మే ఆయనా కలిసి సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసుకు (మన ఆర్టీవో లాంటిది) పోయి, కౌంటర్ దగ్గరే కాగితాలు మార్చుకుని, అప్పుడు క్యాషియర్ చెక్కు (బ్యాంకే హామీ ఇచ్చే చెక్కు) చేతికివ్వు. పేరు మార్పిడికి 15 రోజుల గడువు ఉంది, కొన్న ధర, మార్కెట్ విలువ, ఈ రెండిటిలో ఏది ఎక్కువైతే దాని మీద 6 శాతం పన్ను కట్టాలి. ఆయన తన ప్లేటు తీసేసుకుంటాడు, నీకు కొత్తది వస్తుంది. ఇన్సూరెన్స్ కాగితం ముందే చేతిలో ఉండాలి.

బతుకమ్మ నుంచి అమ్మ వచ్చింది. నీ సంగతి చెప్పాను. కారు మంచిదైతే దసరా రోజు భద్రకాళి గుడిలో నీ పేరు మీద అర్చన చేయిస్తానంది. శనివారం మెకానిక్ దగ్గర మధ్యాహ్నం పన్నెండున్నరకు పెట్టుకో, ఇక్కడ రాత్రి పది అవుతుంది, మేలుకునే ఉంటా. కారు లిఫ్టు మీదికి లేవగానే వీడియో కాల్ చెయ్. ముందుగా కుడి వైపు, వెనక చక్రం ముందున్న రేకు చూపించు.