రాక్స్‌బర్గ్ వర్ణించిన సోమిద చెట్టును ఎక్కడ చూడవచ్చు?

ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793లో కలకత్తా వెళ్లేదాకా సామర్లకోటలో ఉండి, మన తీరపు మొక్కలను సేకరించి ఇక్కడి చిత్రకారులతో బొమ్మలు వేయించారు. ఆయన వర్ణించిన వాటిలో సోమిద ఒకటి. జ్వరాలకు సింకోనా (క్వినైన్ మందు తీసే చెట్టు) బదులు దీని చేదు బెరడు పనికొస్తుందని రాశారు. 1830లో దీనికి స్థిరపడిన ‘సోయ్‌మిడా’ అనే ప్రజాతి పేరు (శాస్త్రీయ నామంలో మొదటి మాట) మన తెలుగు మాట నుంచి వచ్చిందే. విచిత్రమేమంటే, ఆ మాట ఇక్కడ ఎవరిని అడిగినా తెల్లముఖం వేస్తున్నారు.

చెట్టును కళ్లారా చూడాలని మూడు నెలలుగా తిరుగుతున్నాను. రెండు నర్సరీల్లో చూపించింది మహాగని. గింజకు ఒక వైపే రెక్క ఉంది కాబట్టి కాదని తేల్చుకున్నాను; సోమిద గింజకు రెండు కొసలా రెక్కలుంటాయి. మూలికల దుకాణంలో సోమిదకు ఆయుర్వేదంలో వాడే ‘మాంసరోహిణి’ పేరుతో అడిగితే ఎర్రటి బెరడు ముక్కలు ఇచ్చారు. చేదుగానే ఉన్నాయి, కానీ ముక్కను చూసి చెట్టును గుర్తుపట్టడం నా వల్ల కాలేదు.

నాకు తెలిసిన గుర్తులు: పొడి ఆకురాల్చు అడవి, ఈకలా అమరిన జంట ఆకులు, ఎర్రని లేత చిగుళ్లు, పండాక నల్లబడి అయిదు పలకలుగా విచ్చే గట్టి కాయ. ఎండుకాయ చెట్టుకింద దొరికితే చాలు, సందేహం తీరిపోతుంది.

తూర్పు కనుమల్లో గానీ తెలంగాణ అడవుల్లో గానీ ఈ చెట్టును మీరు స్వయంగా చూసి ఉంటే, అది ఏ ఊరి దగ్గర?