ఎరుపు లేని నెత్తురు

సు.: పొద్దుట్నుంచి అమరకోశంలో, నెత్తురు పర్యాయపదాల పాదం ఒకటి నోట్లో ఆడుతోంది. "రుధిరేఽసృగ్లోహితాస్ర..." తర్వాత? పైగా అది అస్రమా, అస్త్రమా? అసలు పని వేరు. జీబ్రాచేప పిండంలో నెత్తురు, నాళాలు ఎలా పుడతాయో రాస్తున్నాను. సుమారు 24 గంటలకి సొన మీదుగా కణాలు దొర్లుతూ కనిపిస్తాయి. గాటా1 జన్యువు చెడిన పిండంలో గుండె కొట్టుకుంటుంది, ఎర్రకణాలే ఉండవు. లోపల పారేది రక్తమేనా?

వే.: "రక్తక్షతజశోణితమ్". వల్లెవేసినవాళ్లకి నిద్రలోనూ వస్తుంది లెండి. అస్రమే. తకారం చేరిస్తే బాణమవుతుంది.

రా.: అస్రానికి కన్నీరనీ అర్థముంది. రంగు లేదన్నారుగా, సరిపోయింది!

వే.: రుధిరం, లోహితం, రక్తం, శోణితం అన్నీ ఎరుపే. క్షతజం గాయంలోంచి పుట్టింది, పిండానికి గాయమెక్కడిది? మిగిలింది అసృక్కు.

మై.: ఇంట్లో నెత్తురు పెట్టుకుని అంత దూరమా? కన్నడంలో నెత్తరు, తమిళంలో నెయ్‌త్తోర్. నెయ్యి, జిడ్డు సంబంధమని నా పట్టు. రంగు ఊసే లేదు. తిక్కనగారి యుద్ధపర్వాలు చదివినవాళ్లకి ఈ మాట బలం చెప్పాలా?

రా.: ఆ గాటా1 మ్యూటెంట్‌కి, అంటే జన్యువు చెడిన ఆ చేపకి, డ్రాకులా కథ వెనకున్న రాజు వ్లాడ్ టెపెష్ పేరే పెట్టారు. తిక్కన పక్కన బాగానే కూర్చుంటాడు.

సు.: నా చిక్కు ఇంకా ఉంది. క్లోష్ అనే మ్యూటెంట్‌లో రక్తకణాలూ నాళాల లోపొరా దాదాపు రెండూ రావు. గుండె గంటలా ఉబ్బుతుంది, ఫ్రెంచిలో క్లోష్ అంటే గంట. 1995లో వర్ణించిన ఈ లోపానికి జన్యువు, ఎన్‌పాస్4ఎల్, 2016లో గానీ దొరకలేదు. రెండిటికీ మూలకణం ఒకటే అన్న ఊహకి ఇదో ఆసరా. ఆ కణాన్ని "రక్తనాళజనని" అనొచ్చా?

వే.: అనకండి. రక్తమూ నాళాలూ అని ద్వంద్వమని మీరనుకుంటారు, చదివేవాడు రక్తపు నాళాలని షష్ఠీ తత్పురుషం చేస్తాడు. నాళాలు మిగులుతాయి, రక్తం పోతుంది.

మై.: "నెత్తురునాళాల తల్లి".

వే.: వైరిసమాసం! తెలుగు మాటకి సంస్కృతం అతికించారు.

మై.: నాళమంటే తామరతూడే కదా. "నెత్తురుతూడు" అనండి, వైరం ఉండదు.

సు.: తూడు బాగుంది గానీ, తల్లి ఎటుపోయింది?

రా.: అది తర్వాత. కన్నీటి అర్థంలో తాలవ్య శకారంతో "అశ్రం" కూడా చూసిన గుర్తు. వేగారూ, మీ ప్రతిలో ఏముంది?

వే.: అటకమీదుంది. నిచ్చెన వేయాలి.