వరద డబ్బు జమ అయిందంటున్నారు, పాస్‌బుక్‌లో లేదు

వరిచేను: ఎవరైనా దారి చెప్పండి బాబూ, బుర్ర వేడెక్కిపోయింది. మాది కృష్ణా జిల్లా నందివాడ మండలం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి వచ్చి నాలుగెకరాల వరి నీళ్లలోనే కుళ్లిపోయింది. ఎకరానికి పదివేల లెక్కన నష్టపరిహారం అన్నారు, జాబితాలో పేరుంది, స్టేటస్‌లో జమ అయినట్టే చూపిస్తోంది, పాస్‌బుక్‌లో మాత్రం పైసా లేదు. రైతు సేవా కేంద్రంలో అడిగితే బ్యాంకుకి వెళ్లమంటారు, బ్యాంకువాళ్లేమో అక్కడికే పొమ్మంటారు. పొద్దున్నుంచీ ఇదే తిరుగుడు. పక్కచేను ఆయనకి ఎప్పుడో పడ్డాయి.

నాగలి: ఆధార్ ఏ ఖాతాకి లింకైందో చూడు.

కొల్లేటి గట్టు: అసలు మీ వైపు నీళ్లు అన్నాళ్లు ఎందుకు నిలిచాయో ఎవరూ మాట్లాడరేం? విజయవాడ మునిగినన్నాళ్లూ టీవీలన్నీ అక్కడే ఉన్నాయి. ఆ నీళ్లే కిందికొచ్చి కొల్లేరులో కలవాలి కదా, దారి పొడవునా చేపల చెరువుల గట్లు, డ్రెయిన్ల నిండా గుర్రపుడెక్క, ఇక ఎటు పోతాయి? డ్రెయిన్లు బాగుచేయకుండా ఏటా డబ్బులు పంచితే ఏం లాభం?

వరిచేను: అన్నా, గట్ల సంగతి తర్వాత. నాగలి గారూ, ఆధార్ జిరాక్స్ బ్యాంకులో ఎప్పుడో ఇచ్చేశాం.

మెట్టరైతు: జిరాక్స్ ఇస్తే కేవైసీ అయినట్టు, అంతే. ప్రభుత్వం డబ్బు ఆధార్ నంబరు మీద పంపుతుంది, అది ఎన్‌పీసీఐలో, అంటే బ్యాంకుల మధ్య చెల్లింపులు చూసే జాతీయ సంస్థలో, చివరిసారి ఏ బ్యాంకుకి లింకయితే అక్కడికే పోతుంది, మీరు పాస్‌బుక్ ఏది చూపించారన్నది లెక్కలోకి రాదు. మై ఆధార్ సైట్లో లాగినై బ్యాంక్ సీడింగ్ స్టేటస్ నొక్కితే బ్యాంకు పేరు కనిపిస్తుంది.

లెక్కల మాస్టారు: ముందు నష్టపరిహారం అనడం మానండి. ఇది పెట్టుబడి రాయితీ. పంట 33 శాతం, ఆపైన పోతేనే ఇస్తారు. కేంద్రం నిబంధనల్లో నీటి వసతి ఉన్న పైరుకు హెక్టారుకు 17,000, అదీ రెండు హెక్టార్ల వరకే. మన రాష్ట్రం ఈసారి వరికి హెక్టారుకు 25,000 ఇచ్చింది, అంటే ఎకరానికి సుమారు పదివేలు. బీమా పూర్తిగా వేరు.

నాగలి: పేరేదైతేనేం మాస్టారూ, డబ్బు రాలేదు అతనికి.

లెక్కల మాస్టారు: బీమా అనుకుని అడిగితే ఆ కౌంటర్‌కీ ఈ కౌంటర్‌కీ తిప్పుతారయ్యా, అందుకే చెప్పేది.

మెట్టరైతు: వరిచేను గారూ, ఈ-పంటలో, అదే ఎవరు ఏ పంట వేశారో ఆన్‌లైన్‌లో ఎక్కించే నమోదులో, ఎవరి పేరుంది? మీదా?

వరిచేను: నాన్నది. పొలం ఆయన పేరునే ఉంది. అది రెండెకరాలు, మిగతా రెండూ కౌలు. కౌలుది యజమాని పేరు మీదే ఎక్కించారు, ఆయన హైదరాబాదులో ఉంటాడు.

నాగలి: ఇంతసేపూ నీ పాస్‌బుక్ చూస్తున్నావా?

మెట్టరైతు: అదీ సంగతి. నాన్నగారి ఆధార్‌తో చూడండి. కౌలు రెండెకరాలది యజమాని ఖాతాలో పడి ఉంటుంది, పెద్దమనుషుల్ని పెట్టి అడగాలి. కౌలు రైతుకిచ్చే సాగుదారు హక్కు పత్రం (కార్డు) ఉండి మీ పేరే ఈ-పంటలో ఎక్కుంటే మీకే వచ్చేది.

వరిచేను: ఆ కార్డుకి యజమాని సంతకం కావాలన్నారు. సంతకం పెడితే పొలం పోతుందని ఆయన భయం.

కొల్లేటి గట్టు: అందరి యజమానులూ అంతే. పదకొండు నెలలకే చెల్లే కాగితం, దానితో పొలం ఎలా పోతుంది?

వరిచేను: నాన్నది దొరికింది. గ్యాస్ సబ్సిడీకని ఎప్పుడో తీసిన ఖాతాకి లింకై ఉందంట, ఇరవై వేలు అందులో పడ్డాయి. కౌలు పొలం యజమాని ఫోన్ ఎత్తడం లేదు. థాంక్స్ అందరికీ.

మున్నేటి ఒడ్డు: మాది ఖమ్మం వైపు. మాకు ఎకరానికి పదివేలు వచ్చాయి గానీ చేలో మోకాలెత్తు ఇసుక మేటేసింది. దాన్ని తీయడానికి ఏమన్నా ఇస్తారా?

లెక్కల మాస్టారు: మేట మూడంగుళాలు దాటితే హెక్టారుకు 18,000 అని కేంద్రం నిబంధనల్లో ఉంది. తీసేయకముందే ఫొటోలు తీసి, మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.