పడవ లాగే గాలిపటానికి సన్నటి లైన్లు: కెవ్లారా, డైనీమానా?

తెరచాప:
చిన్న కటమరాన్‌ను (రెండు పొట్టుల పడవ) గాలిపటంతో నడుపుతున్నాను. పటం 8 చదరపు మీటర్లు, నాలుగు లైన్లు, ఒక్కోటి 25 మీటర్లు. ఇప్పుడు ఉన్నవి 2.5 మి.మీ. పాలిస్టర్ తాళ్లు. బార్ (లైన్లు కట్టి చేత్తో పట్టుకునే కడ్డీ) తిప్పిన ఎంతోసేపటికి గానీ పటం తిరగట్లేదు, లైన్లు విల్లులా వంగిపోయి కనిపిస్తున్నాయి, గాలికి ఎదురుగా వెళ్దామంటే పడవ పక్కకు జారిపోవడమే తప్ప ముందుకు ఎక్కదు. కెవ్లార్ (బుల్లెట్‌ప్రూఫ్ కోట్లలో వాడే గట్టి కృత్రిమ పోగు) లైన్ 1 మి.మీ. లోపే దొరుకుతోంది, స్పూల్ మీద 100 కిలోలు అని ఉంది. నాలుగు కలిపితే 400 కదా, సరిపోతుందా?

గాలివాటు:
నాలుగూ కలిపి లెక్కేస్తే పప్పులో కాలేసినట్టే. లాగుడులో ఎక్కువ భాగం పటం ముందు అంచుకు కట్టిన రెండు లైన్ల మీదే పడుతుంది, మలుపులో ఉండగా గాలి విసురు వస్తే ఒక్కోసారి చాలావరకు ఒకే లైన్ మీదికి వస్తుంది. మీ పటం 10 మీ./సె. గాలివేగంలో సుమారు 50 కిలోలు లాగుతోందనుకోండి, అదే కిందికి దూకి 20కి చేరితే 200 లాగుతుంది, వేగం రెట్టింపైతే లాగుడు నాలుగింతలు మరి. పైగా ముడి పడిన చోట లైన్ బలం దాదాపు సగానికి పడిపోతుంది, అంటే మీ 100 కిలోల లైన్ చేతికొచ్చేసరికి 50 కిలోలదే. నేనైతే ముందువి 300, వెనకవి 200 కిలోలకు తక్కువ వేయను.

సన్నబడితే లాభం మాత్రం నిజం. 25 మీటర్లవి నాలుగు, 2.5 మి.మీ. మందం: గుణించి చూడండి, గాలికి అడ్డంగా పావు చదరపు మీటరు. అరమీటరు పొడవు, అరమీటరు వెడల్పు ఉన్న పలకను పటంతో పాటు ఈడ్చుకెళ్తున్నట్టు! 1.5 మి.మీ. అయితే 0.15కి దిగుతుంది. (చేతి దగ్గరి సగం అంత వేగంగా కదలదు కాబట్టి అసలు నష్టం దీనికన్నా తక్కువే, అయినా తేడా తెలుస్తుంది.) ఇక బార్ ఆలస్యానికి కారణం ఈ వంపుతో పాటు పాలిస్టర్ సాగుడు కూడా. 3 శాతం సాగినా 25 మీటర్లకు ముప్పావు మీటరు, మీరు బార్ లాగింది సగం అందులోనే పోతోంది.

ఉప్పునీళ్లు:
కెవ్లార్ వద్దు. నేను ఒకసారి డబ్బు మిగులుతుందని వెనక లైన్లు కెవ్లార్‌వి, ముందువి డైనీమావి (చాలా బలమైన పాలిథిలిన్ పోగు) కట్టాను, పటం రెండు చుట్లు తిరిగి లైన్లు మెలిపడ్డాక కెవ్లార్ రంపంలా కోసేసింది, మిగతా దారంతా తెడ్డు వేసుకుంటూ వచ్చాను. డైనీమా 150 డిగ్రీల లోపే కరుగుతుంది, కెవ్లార్ అసలు కరగదు, రెండూ రాసుకుంటే ఏది పోతుందో చెప్పక్కర్లేదు. అన్నీ డైనీమా అయితే నాలుగైదు మెలికలు పడినా ఒకదానిమీద ఒకటి జారుతూ పని చేస్తాయి. నీళ్ల కన్నా తేలిక కాబట్టి పటం పడిపోయినా లైన్లు తేలుతుంటాయి, కెవ్లార్ మునుగుతుంది. ఎండకీ, ముడి దగ్గర వంపుకీ కూడా కెవ్లార్ తొందరగా పాడవుతుంది.

తెరచాప:
సరే, కెవ్లార్ మానేశాను. కానీ డైనీమాకి మామూలు ముడి వేస్తే జారిపోతోందే?

గాలివాటు:
జారుతుంది, అది సబ్బులాంటిది. ముడి మానేసి స్ప్లైస్ చేయండి: లోపల బోలుగా ఉండే అల్లిక తీసుకుని, చివరను మడిచి దాని కడుపులోకే దూర్చాలి. మందానికి 72 రెట్లు లోపలికి వెళ్లాలంటారు, 1.5 మి.మీ.కి 11 సెంటీమీటర్లు. లాగేకొద్దీ పై అల్లిక బిగుసుకుంటుంది, బలం పెద్దగా తగ్గదు. దూర్చిన చివరను మొద్దుగా కత్తిరించకండి, కొన్ని పోగులు తీసేసి సన్నగా చేయండి, లేకపోతే అక్కడే తెగుతుంది.

ఉప్పునీళ్లు:
ఇంకొకటి. ముందు లైన్లు ఎక్కువ బరువు మోసి కొన్నాళ్లకు శాశ్వతంగా సాగుతాయి, అప్పుడు వెనకవి పొట్టిగా అయిపోయి పటం వెనక్కి వాలి పడిపోతుంటుంది, జనం పటాన్ని తిడతారు. నాలుగు చివరలూ ఒకే కొక్కేనికి తగిలించి గట్టిగా లాగి పొడవులు చూసుకోండి, కొత్త లైన్లయితే మొదటి రెండు మూడు సార్లూ తప్పదు. సన్న లైన్ టెన్షన్‌లో ఉన్నప్పుడు ఒట్టి చేత్తో పట్టుకోకండి, చేతికి చుట్టుకోవడం అసలే వద్దు, వేలు తెగుతుంది. బార్ దగ్గర చేయి తగిలే భాగం నేను ఇప్పటికీ 5 మి.మీ. తాడే వాడతాను.