లైనక్స్ మింట్ వేశాక కూడా నేరుగా విండోసే వస్తోంది, ఏం చేయాలి?

నల్లరేగడి:
అందరికీ నమస్తే. ఇది మా నాన్నగారి డెస్క్‌టాప్. నాలుగో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీలో విండోస్ 10, దాంతోపాటు 1 టీబీ హార్డ్ డిస్క్. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది, ఈ ప్రాసెసర్‌కి విండోస్ 11 అధికారికంగా రాదు. షాపులో అడిగితే కొత్తది కొనేయమన్నారు, కానీ నాన్న చేసేదల్లా పేపర్ చదవడం, యూట్యూబ్ చూడటం, అపార్ట్‌మెంట్ లెక్కలు తెలుగులో టైప్ చేసుకోవడం, దానికోసం అంత డబ్బు పెట్టబుద్ధి కాలేదు. అందుకని హార్డ్ డిస్క్‌లో కొంత చోటు ఖాళీ చేసి, విండోస్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ మింట్ వేశాను. ఏ ఎర్రర్ రాకుండా ఇన్‌స్టాల్ పూర్తయింది, పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేస్తే మాత్రం నేరుగా విండోస్ వచ్చేస్తోంది, ఏది కావాలో అడిగే మెనూ అసలు రావట్లేదు. అదే డిస్క్‌లో ఇంట్లోవాళ్ల ఫొటోలన్నీ ఉన్నాయి, మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలంటే టెన్షన్‌గా ఉంది.

చిత్రావతి:
మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి, అక్కర్లేదు. ముందు ఆ ఫొటోలు బయటి డిస్క్‌కి కాపీ చేసుకోండి, పార్టిషన్ల జోలికి వెళ్లే ఎవరికైనా నేను చెప్పే మొదటి మాట ఇదే. తర్వాత రెండు విషయాలు చూసి చెప్పండి. విండోస్‌లో విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ఎంఎస్‌ఇన్ఫో32 అని కొడితే ఒక పట్టిక వస్తుంది, అందులో బయోస్ మోడ్ ఎదురుగా యూఈఎఫ్ఐ అని ఉందా, లెగసీ అని ఉందా? (కంప్యూటర్ లేచే పద్ధతులు ఇవి, యూఈఎఫ్ఐ కొత్తది, లెగసీ పాతది.) రెండోది, కంప్యూటర్ ఆన్ చేస్తూనే, ఏ డిస్క్ నుంచి లేవాలో ఎంచుకునే బూట్ మెనూ తెరిచి (కొన్ని బోర్డుల్లో ఎఫ్12, కొన్నింట్లో ఎఫ్11 లేదా ఎఫ్8) హార్డ్ డిస్క్ పేరు ఎంచుకుంటే ఏం వస్తోంది?

గుండ్లకమ్మ:
ఇంత తంటా ఎందుకు బ్రో, ప్రాసెసర్ చెకింగ్ తప్పించి విండోస్ 11 వేసేయొచ్చు కదా, చాలామంది వేస్తున్నారు.

చిత్రావతి:
వేయొచ్చు, కానీ అలా వేసిన మెషీన్లకి అప్‌డేట్లు వస్తాయన్న గ్యారంటీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. పెద్దాయన బ్యాంకు పని కూడా దాంట్లోనే చేసుకుంటే రేపు అప్‌డేట్ ఆగిపోయినప్పుడు మళ్లీ మొదటికొస్తుంది. మింట్ మంచి నిర్ణయమే.

నల్లరేగడి:
ఫొటోలు కాపీ చేశాను. బయోస్ మోడ్ యూఈఎఫ్ఐ అని ఉంది. బూట్ మెనూలో హార్డ్ డిస్క్ ఎంచుకుంటే మింట్ వచ్చింది అన్నా! కానీ అటునుంచి వెళ్తే విండోస్ కనిపించట్లేదు.

చిత్రావతి:
అయితే సంగతి తేలిపోయింది. మీ బోర్డు పెన్‌డ్రైవ్‌ని బూట్ మెనూలో రెండుసార్లు చూపిస్తుంది, గమనించండి. ఒక వరుసలో పేరుకి ముందు యూఈఎఫ్ఐ అని ఉంటుంది, ఇంకో వరుసలో ఉత్త పేరే ఉంటుంది. ఉత్త పేరున్నది ఎంచుకుంటే ఇన్‌స్టాలర్ పాత లెగసీ పద్ధతిలో లేస్తుంది, మింట్ కూడా ఆ పద్ధతిలోనే కూర్చుంటుంది. విండోస్ ఏమో యూఈఎఫ్ఐలో ఉంది. ఒక పద్ధతిలో మొదలైన గ్రబ్ (ఏ సిస్టమ్ కావాలో అడిగే మింట్ మెనూ) రెండో పద్ధతిలో ఉన్న సిస్టమ్‌ని తెరవలేదు, అందుకే దేనికది విడిగా లేస్తోంది.

ఇప్పుడు చేయాల్సింది: పెన్‌డ్రైవ్ పెట్టి ఈసారి యూఈఎఫ్ఐ అని ఉన్న వరుసతోనే బూట్ చేయండి. నెట్ కలపండి, బూట్ రిపేర్ అనే టూల్‌కి అది కావాలి. మింట్ స్టార్ట్ మెనూలో అడ్మినిస్ట్రేషన్ కింద బూట్ రిపేర్ ఉంటుంది, అందులో రికమెండెడ్ రిపేర్ నొక్కండి. పాత గ్రబ్ తీసేసి యూఈఎఫ్ఐ గ్రబ్ పెడుతుంది, మధ్యలో ఏవైనా కమాండ్లు టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) వేయమంటే అది చూపించినట్టే కాపీ చేసి వేయండి. మీ ఫైళ్ల జోలికి రాదు. అయ్యాక బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడు తెరిచే బోర్డు సెట్టింగ్స్) వెళ్లి బూట్ ఆర్డర్‌లో ఉబుంటు అన్న పేరుని పైకి తీసుకురండి. మింట్ ఉబుంటు మీద కట్టింది కాబట్టి ఆ పేరుతోనే కనిపిస్తుంది, కంగారు పడొద్దు.

గుండ్లకమ్మ:
నాన్నగారు విండోస్ వాడకపోతే ఇదంతా కూడా వద్దు, బయోస్‌లో హార్డ్ డిస్క్‌ని ముందు పెట్టేస్తే రోజూ మింటే లేస్తుంది.

నల్లరేగడి:
వచ్చింది! మెనూలో రెండూ కనిపిస్తున్నాయి, చాలా థాంక్స్ అన్నా. ఒక్కటే, ఇప్పుడు విండోస్‌లోకి వెళ్తే టైమ్ తప్పు చూపిస్తోంది, రాత్రి ఎనిమిదికి మధ్యాహ్నం రెండున్నర అంటోంది. బ్యాటరీ పోయిందా?

చిత్రావతి:
బ్యాటరీ బాగానే ఉంది. తేడా సరిగ్గా ఐదున్నర గంటలే కదా, అది మన టైమ్‌కీ యూటీసీకీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉన్న తేడా. మదర్‌బోర్డు గడియారంలో లైనక్స్ యూటీసీ రాస్తుంది, విండోస్ దాన్నే లోకల్ టైమ్ అనుకుని చదువుతుంది. మింట్ టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌కి సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని ఇస్తే రెండూ ఒకే లెక్కలోకి వస్తాయి. విండోస్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ కూడా తీసేయండి, లేకపోతే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ అవ్వక, మింట్ నుంచి ఆ ఫొటోల డ్రైవ్ తెరిచినప్పుడు చదవడమే తప్ప రాయనివ్వదు.

తెలుగు టైపింగ్ సంగతి కూడా చెప్పేస్తాను. నాన్నగారికి ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు అక్షరాలు నేరుగా కొట్టే కీబోర్డ్ లేఔట్) వస్తే కీబోర్డ్ లేఔట్స్‌లో తెలుగు కలిపితే చాలు. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే అలవాటైతే ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్, దానికి ఎం17ఎన్ ప్యాకేజీ వేసి అందులో ఆర్‌టీఎస్ అనే తెలుగు పద్ధతి ఎంచుకోండి. ముందు ఆయన్ని కూర్చోబెట్టి ఒక పేరా కొట్టించి చూడండి, ఏది వీలైతే అదే ఉంచండి.